ఇండియానా గెలిచిన ఏడాది

బ్లూమింగ్టన్, ఇండియానా
26 జనవరి 2025

ప్రియమైన రాజూ,

నీ ఉత్తరం అందింది. సంక్రాంతికి అందరూ ఊరు చేరారని, చెల్లికి సంబంధం దాదాపు ఖాయమైందని రాశావు. చాలా సంతోషం. ముహూర్తం పెట్టుకోగానే తెలియజేయి, సెలవు సంగతి నేను చూసుకుంటాను. ఇక నువ్వు చివర్లో అడిగిన ప్రశ్న: "ఫోను చేసినప్పుడల్లా ఇండియానా, ఇండియానా అంటావు, ఆ ఫుట్‌బాల్‌లో అంత ఏముందిరా?" ఇది ఫోనులో తేలే వ్యవహారం కాదు. ఆగస్టు చివరి నుంచి డిసెంబరు దాకా నా మనసంతా ఇక్కడి ఇండియానా విశ్వవిద్యాలయం జట్టు మీదే ఉంది కాబట్టి, తీరిగ్గా కూర్చుని మొదటి నుంచీ రాస్తున్నాను. టీ పెట్టుకుని చదువు.

ముందు ఆట సంగతి. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనం ప్రపంచ కప్పుల్లో చూసేది కాదు. రెండు చివరలా కోసుగా ఉండే బంతి, నూరు గజాల మైదానం, జట్టుకు పదకొండు మంది. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్లాలి. వెళితే మళ్లీ నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి, లేకపోతే బంతి అవతలివాళ్లది. బంతిని చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. క్వార్టర్‌బ్యాక్ అనేవాడు బంతి అందుకుని, మీదికి దూసుకొచ్చేవాళ్లను కనిపెట్టుకుంటూ, మూడు నాలుగు సెకన్లలో ఎవరికి విసరాలో తేల్చుకోవాలి. కబడ్డీ ఆడినవాడివి కాబట్టి నీకు ఇది త్వరగా పట్టుబడుతుంది. కూతకు వచ్చినవాడిని నిలువరించడం నీ పాదం నేలలో ఎంత గట్టిగా దిగిందన్న దాని మీదే ఉంటుందని నువ్వే చెప్పేవాడివి. ఇక్కడా అంతే. బంతి గాలిలోకి లేవకముందే, ముందు వరుసలో తలపడే ఆ బరువైన మనుషుల కాళ్ల దగ్గర సగం ఆట తేలిపోతుంది.

విశ్వవిద్యాలయాల జట్లకు ఇక్కడ ఉన్న ఆదరణ కళ్లారా చూడకపోతే నమ్మడం కష్టం. పక్క రాష్ట్రంలోని ఒహాయో స్టేట్ స్టేడియానికి ఒక్కో శనివారం లక్షకు పైగా జనం వస్తారు. మా స్టేడియంలో పట్టేది దాదాపు 53 వేల మంది. ఈ ఏడాది దాకా అది నిండడమే అరుదని ఇక్కడి పాతకాపులు చెబుతారు. బ్లూమింగ్టన్ అంటే బాస్కెట్‌బాల్ ఊరు. ఐదు జాతీయ టైటిళ్లు, 1976లో ఒక్క ఓటమీ లేకుండా గెలిచిన కోచ్ బాబ్ నైట్ జట్టు, బాస్కెట్‌బాల్ ఆడే అసెంబ్లీ హాల్ పైకప్పు కింద వేలాడే ఆ జెండాలు, ఇవే ఇక్కడివాళ్ల గర్వం. ఫుట్‌బాల్ ఆట ఉన్న రోజు బయట మైదానాల్లో కార్లు నిలిపి, పొయ్యిలు వెలిగించి, తిని, తాగి, కాసేపు లోపలికి వెళ్లి, సగం ఆట కాగానే బయటికి వచ్చేయడం ఎన్నో ఏళ్ల అలవాటట.

ఆ అలవాటుకు కారణం ఉంది. ఇండియానా 1887 నుంచి ఫుట్‌బాల్ ఆడుతోంది. 2023 దాకా ఒక్కసారి కూడా సీజన్‌కు పది విజయాలు అందుకోలేదు. 1945లోనూ 1967లోనూ తొమ్మిది దాకా వచ్చి ఆగింది. పై స్థాయి జట్లన్నింటిలోకీ ఎక్కువ ఓటములు మూటగట్టుకున్నది ఇదే, లెక్క 700 దాటింది. సీజన్ చివర్లో ఆడే బౌల్ ఆటల్లో చివరిసారి గెలిచింది 1991లో. నేను వచ్చిన 2023లో మూడు గెలిచి తొమ్మిది ఓడింది. అప్పుడు ఎవరినైనా అడిగితే భుజాలెగరేసి, నవంబరు వచ్చేస్తోందిగా, బాస్కెట్‌బాల్ మొదలవుతుంది అనేవాళ్లు. ఆ నవ్వులో బాధ కూడా లేకపోవడం నన్ను ఎక్కువ బాధించింది రాజూ. ఓడితే కోపం రావాలి కదా? ఆ కోపం కూడా వదిలేసుకున్నారు.

ఆ నవంబరు చివర్లో కొత్త కోచ్ వచ్చాడు. పేరు కర్ట్ సిగ్నెటీ, అరవై దాటినవాడు. తండ్రి ఫ్రాంక్ సిగ్నెటీ కూడా పేరున్న కోచే. ఈయన అలబామాలో నిక్ సేబన్ దగ్గర సహాయకుడిగా పనిచేసి, 2009లో జాతీయ టైటిల్ గెలిచిన బృందంలో ఉన్నాడు. అంతటి చోటును వదిలి, 2011లో పెన్సిల్వేనియాలో ఒక చిన్న విశ్వవిద్యాలయానికి ప్రధాన కోచ్‌గా వెళ్లాడు. జీతం తగ్గింది, హోదా తగ్గింది, కానీ జట్టు తనదైంది. అక్కడి నుంచి ఈలాన్ విశ్వవిద్యాలయం, తర్వాత వర్జీనియాలోని జేమ్స్ మ్యాడిసన్ విశ్వవిద్యాలయం. అక్కడ ఐదేళ్లలో 52 గెలిచి తొమ్మిది మాత్రమే ఓడాడు. ప్రధాన కోచ్‌గా ఎక్కడున్నా ఓటములు విజయాలను మించిన ఏడాదే లేదు. నాకు ఈ మనిషి నచ్చడం ఇక్కడే మొదలైంది. యాభై ఏళ్ల వయసులో మెట్టు దిగి, మళ్లీ కింది నుంచి ఎక్కడానికి ఎంత నమ్మకం ఉండాలి!

వచ్చిన కొద్ది రోజులకే బాస్కెట్‌బాల్ ఆట మధ్యలో మైకు అందుకుని పోటీ విశ్వవిద్యాలయాలైన పర్డ్యూను, మిషిగన్‌ను, ఒహాయో స్టేట్‌ను పేరు పేరునా దులిపేశాడు. డిసెంబరులో విలేఖరి ఒకరు, ఆటగాళ్లను ఎలా ఒప్పిస్తారు అని అడిగితే, "చాలా సులువు. నేను గెలుస్తాను. గూగుల్‌లో వెతుక్కోండి" అన్నాడు. కొందరు దాన్ని పొగరన్నారు. నాకు మాత్రం ఓటమికి అలవాటు పడిన ఈ ఊరిని భుజం పట్టి కుదిపినట్టు అనిపించింది.

ఇప్పుడు అసలు పని ఎలా చేశాడో చెబుతాను, ఎందుకంటే జనం అద్భుతం, అదృష్టం అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఇదివరకు ఆటగాడు ఒక విశ్వవిద్యాలయం నుంచి మరోదానికి మారితే ఏడాది పాటు ఆడకుండా కూర్చోవాల్సి వచ్చేది. 2021లో ఆ నిబంధన సడలింది. ఆ ఏడాదే ఆటగాళ్లు తమ పేరు, రూపం మీద ప్రకటనల ద్వారా డబ్బు సంపాదించుకోవచ్చని కూడా తేలింది. దానికి తోడు కోవిడ్ నడిచిన 2020 సీజన్‌ను ఎవరి లెక్కలోనూ వేయలేదు కాబట్టి చాలామందికి ఒక ఏడాది అదనంగా దొరికింది. సిగ్నెటీ ఈ మూడింటినీ వాడుకున్నాడు. పెద్ద పేర్ల వెంట పడలేదు. తనతో పాటు జేమ్స్ మ్యాడిసన్ నుంచి పదముగ్గురిని తెచ్చుకున్నాడు. రక్షణలో ఎయిడెన్ ఫిషర్, మికేల్ కమారా, డిఏంజెలో పాండ్స్, బంతి అందుకునేవాళ్లలో ఎలైజా సరాట్. వీళ్లెవరినీ పద్దెనిమిదేళ్ల వయసులో పెద్ద విశ్వవిద్యాలయాలు ఎర్రతివాచీ పరిచి పిలవలేదు. పాండ్స్ ఎత్తు ఐదడుగుల తొమ్మిది అంగుళాలు. ఈ ఆటలో అది పొట్టి కిందే లెక్క. మైదానంలో అతన్ని ఒక్కసారి చూస్తే మళ్లీ ఎత్తు గురించి మాట్లాడవు. ఎదుటివాడు ఎటు తిరగబోతున్నాడో వాడికన్నా ముందే తెలిసినట్టు కదులుతాడు. సహాయక కోచ్‌లు బ్రయంట్ హేన్స్, మైక్ షానహన్ కూడా అక్కడి నుంచే వచ్చారు కాబట్టి, కొత్తవాళ్లు వచ్చే నాటికే సగం మందికి పద్ధతి తెలుసు.

క్వార్టర్‌బ్యాక్ కర్టిస్ రోర్క్. కెనడాలోని ఓక్‌విల్ కుర్రాడు. ఒహాయో యూనివర్సిటీలో (ఒహాయో స్టేట్ కాదు, అది వేరు) ఐదేళ్లు ఉండి, అదనపు ఏడాదిని ఇక్కడ ఆడటానికి వచ్చాడు. అన్న నేథన్ కూడా క్వార్టర్‌బ్యాకే. రోర్క్‌కు మెరుపు వేగం లేదు. కానీ నాలుగు వైపుల నుంచి మనుషులు మీద పడుతున్నా అతని పాదాల్లో తొందర కనిపించదు. నేను మొదటిసారి స్టేడియంలో చూసినప్పుడు గమనించింది అదే. ఎడమ భుజం కొద్దిగా వంచి, ఒక్క అడుగు పక్కకు వేసి, బంతి వదిలేస్తాడు. తర్వాత గానీ మనకు అర్థం కాదు, ఆ ఒక్క అడుగు లేకపోతే నేలమీద ఉండేవాడని.

జులైలో విలేఖరుల అంచనా పట్టిక వచ్చింది. మా బిగ్ టెన్ కూటమిలో 18 జట్లు ఉంటే ఇండియానాకు 17వ స్థానం ఇచ్చారు. పద్దెనిమిదోది పర్డ్యూ.

ఆగస్టు 31న మొదలైంది. మొదటి రెండు ఆటలు చిన్న జట్ల మీద కాబట్టి వాటిని వదిలేద్దాం. సెప్టెంబరులో లాస్ ఏంజెలెస్ వెళ్లి రోజ్ బౌల్ స్టేడియంలో అక్కడి యూసీఎల్ఏ విశ్వవిద్యాలయం జట్టును 42-13తో ఓడించి వచ్చారు. షార్లెట్, మేరీలాండ్, నార్త్‌వెస్టర్న్ వరసగా పడిపోయాయి. అక్టోబరు 19న నెబ్రాస్కా వచ్చింది. అప్పటికి ఆరు ఆడి ఒక్కటే ఓడిన జట్టు. మావాళ్లు 56-7తో చిత్తు చేశారు. ఆ ఆటలోనే రోర్క్ బంతి విసిరే చేతి బొటనవేలికి దెబ్బ తగిలి, శస్త్రచికిత్స దాకా వెళ్లింది. స్టేడియం నుంచి ఇంటికి నడిచి వస్తుంటే అంత పెద్ద విజయం తర్వాత కూడా అందరి నోటా ఒకటే మాట, ఆ వేలు ఎలా ఉందో.

మరుసటి వారం వాషింగ్టన్. దేశమంతా చూసే ఈఎస్పీఎన్ శనివారం ఉదయపు కార్యక్రమం ఈ ఊరికి వచ్చింది. తెల్లవారకముందే విద్యార్థులు అట్టముక్కల మీద రాసిన నినాదాలతో పోగయ్యారు. నాతో ఉండే వరంగల్ కుర్రాడు, బాస్కెట్‌బాల్ కూడా ఎన్నడూ చూడనివాడు, ఆ చలిలో నాకన్నా ముందు తయారై తలుపు దగ్గర నిలబడ్డాడు. రోర్క్ లేడు, అతని స్థానంలో టేవెన్ జాక్సన్ ఆడాడు. మొదట్లోనే పాండ్స్ వాషింగ్టన్ వాళ్ల బంతిని మధ్యలో పట్టేసి 67 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. 31-17.

మైదానం ఉత్తరపు చివర ఒక సున్నపురాయి బండ ఉంటుంది, దాని సంగతి చెప్పాలి. ఈ చుట్టుపక్కల నేలంతా సున్నపురాయి గనులే. న్యూయార్క్ ఎంపైర్ స్టేట్ భవనానికి రాయి వెళ్లింది ఇక్కడి నుంచే. 2005లో టెరీ హెప్నర్ అనే కోచ్ ఆ బండను తెచ్చి అక్కడ పెట్టించాడు. మైదానంలోకి వచ్చేటప్పుడు ఆటగాళ్లు దాన్ని తాకి వస్తారు. ఆయన మెదడులో కణితితో 2007 జూన్‌లో చనిపోయాడు. జట్టును ఒక్క బౌల్ ఆటకైనా, అంటే ఆ సీజన్ పదమూడో ఆటకు తీసుకెళ్లాలన్నది ఆయన కోరిక. ఆయన పోయిన ఏడాదే కుర్రాళ్లు ఆ కోరిక తీర్చారు. అందుకే ఇక్కడ ఓడిపోవడమంటే పట్టనివాళ్లే ఉన్నారనుకోవద్దు. వయసు మళ్లిన కొందరు ఆ బండ వైపు చూసే చూపు నేను చూశాను.

నవంబరు 2న మిషిగన్ స్టేట్ మీద సీజన్‌లో మొదటిసారి వెనకబడ్డారు, 0-10. అక్కడి నుంచి ప్రత్యర్థికి ఒక్క పాయింటూ ఇవ్వకుండా 47 చేశారు. ఇక మరుసటి శనివారం మిషిగన్.

మిషిగన్ అంటే అంతకు ముందు సీజన్ జాతీయ విజేత. సగం ఆటకు మావాళ్లు 17-3తో ముందున్నారు. తర్వాత ఏమైందో గానీ దాడి పూర్తిగా గడ్డకట్టుకుపోయింది. రెండో సగం మొత్తం కలిపి ముందుకు వెళ్లింది 18 గజాలు! మిషిగన్ బంతిని గోల్ కర్రల మధ్యకు తన్ని మూడు పాయింట్లు, మరోసారి తన్ని ఇంకో మూడు, తర్వాత టచ్‌డౌన్ చేసి 17-15కు వచ్చేసింది. సమం చేసే అదనపు ప్రయత్నంలో మాత్రం మావాళ్లు ఆపేశారు. సరిగ్గా ఇలాంటి ఆటలే ఇండియానా ఇన్నేళ్లుగా ఓడుతూ వచ్చింది. నా పక్కన కూర్చున్న పెద్దాయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, చూడలేక తల దించుకున్నాడు. రాబోయేది ఆయనకు అలవాటే కదా. కానీ ఈసారి రక్షణ నిలబడింది. మూడు పాయింట్ల తన్ను ఒకటి పడి 20-15 అయింది, మిషిగన్ చివరి ప్రయత్నం ఫలించలేదు. పదో విజయం! ఆ పెద్దాయన తల ఎత్తేసరికి అందరూ నిలబడి అరుస్తున్నారు. నన్ను పట్టుకుని వదల్లేదు. నేనెవరో ఆయనకు తెలియదు, ఆయనెవరో నాకు తెలియదు. వేడుక పూర్తయ్యేదాకా ఒక్కరూ లేవలేదు. సగంలో లేచి వెళ్లిపోయే ఊరు ఇదేనా అనిపించింది.

నవంబరు 23న ఒహాయో స్టేట్ మైదానంలో మొదటి ఓటమి, 38-15. మొదటి దాడిలోనే మావాళ్లు టచ్‌డౌన్ చేసినా నిలబడలేకపోయారు. రోర్క్ ఐదుసార్లు బంతితో సహా నేలకూలాడు. బంతిని దూరం తన్నే ఘట్టంలో రెండు దెబ్బలు పడ్డాయి. ఒకసారి బంతి చేతిలోంచి జారింది, మరోసారి కేలెబ్ డౌన్స్ 79 గజాలు తిరిగి పరుగెత్తాడు. ఆ రెండు పక్కన పెట్టినా వాళ్లే మెరుగని ఒప్పుకోవాలి, వాళ్ల ముందు వరుస మావాళ్లను తోసేసింది.

వారం తిరిగేసరికి పర్డ్యూ. రాష్ట్రంలో ఈ రెండు విశ్వవిద్యాలయాల మధ్య 1925 నుంచి ఒక పాత ఓక్ చెక్క బకెట్ ట్రోఫీగా ఉంది. ఏటా గెలిచినవాళ్ల పేరులోని మొదటి అక్షరాన్ని లోహపు రేకులో చేసి దాని గొలుసుకు తగిలిస్తారు. వరసగా మూడేళ్లు పర్డ్యూ అక్షరమే చేరింది. ఈసారి 66-0! ఆ బకెట్ చరిత్రలో ఇంత తేడాతో ఎవరూ గెలవలేదు. రోర్క్ ఆరు టచ్‌డౌన్లకు బంతి అందించాడు.

పదకొండు విజయాలతో, దేశ విజేతను తేల్చే జాతీయ ప్లేఆఫ్‌లో చోటు దక్కింది. ఇప్పటిదాకా నాలుగు జట్లకే ఉన్న ఆ పోటీని ఈ సీజన్‌లోనే పన్నెండుకు పెంచారు. ఆ కొత్త పద్ధతిలో దేశం మొత్తం మీద మొట్టమొదటి ఆట డిసెంబరు 20 శుక్రవారం రాత్రి, సౌత్ బెండ్‌లో, నోటర్‌డామ్ మీద మా ఇండియానాదే. ఇక్కడి నుంచి కారులో మూడు గంటలకు పైగా ప్రయాణం. టికెట్ల ధరలు చూసి ఆశ వదులుకుని, ఇంట్లోనే అందరం కలిసి పులిహోర చేసుకుని టీవీ ముందు కూర్చున్నాం. మొదట్లో బాగానే ముందుకు వెళ్లారు. అంతలో గోల్ గీత దగ్గర రోర్క్ విసిరిన బంతిని జేవియర్ వాట్స్ పట్టేశాడు. వెంటనే జెరెమయా లవ్ 98 గజాలు ఒక్క ఊపులో పరుగెత్తాడు. నూరు గజాల మైదానంలో 98! గదిలో ఎవరూ పులిహోర ముట్టలేదు. చివరి నిమిషాల్లో మావాళ్లు రెండు టచ్‌డౌన్లు చేశారు గానీ అప్పటికే ఆట చేయి దాటింది, 27-17.

మర్నాటి నుంచి టీవీల్లో ఒకటే పాట: ఇండియానాకు ఆ చోటు దక్కాల్సింది కాదు, సులువైన జట్ల మీద గెలిచి వచ్చింది అని. నాకు పట్టరాని కోపం వచ్చింది. ఒక్కసారి లెక్క చూడు. 2023 సీజన్ జాతీయ ఫైనల్ ఆడినవి మిషిగన్, వాషింగ్టన్. రెండింటినీ మావాళ్లు ఓడించారు. మొన్న జనవరి 20న ఈ సీజన్ ఫైనల్ ఆడినవి ఒహాయో స్టేట్, నోటర్‌డామ్, గెలిచింది ఒహాయో స్టేట్. మావాళ్లు ఓడింది ఆ రెండింటి చేతిలోనే, వేరే ఎవరి చేతిలోనూ కాదు.

ఇంకో సంగతి ఈ నెలలోనే బయటపడింది. రోర్క్ మోకాలిలో ఏసీఎల్ అనే స్నాయువు ఆగస్టు శిక్షణలోనే తెగిందట. సీజనంతా ఆ మోకాలితోనే ఆడాడు! మన కబడ్డీలో మోకాలి నరం తెగినవాళ్లు నెలల తరబడి మంచం మీద ఉండటం నువ్వు దగ్గరగా చూశావు కదా. ఈ కుర్రాడు దాని మీద నిలబడి 29 టచ్‌డౌన్లకు బంతి విసిరాడు, మూడు వేల గజాలు దాటించాడు. ఆ కాలితోనే మిషిగన్‌ను ఎదుర్కొన్నాడు, ఆ కాలితోనే ఒహాయో స్టేట్ వాళ్ల ఊరు కొలంబస్‌లో ఐదుసార్లు కింద పడి లేచాడు. ఒక్కసారైనా సాకుగా చెప్పలేదు. నేను ఆ వార్త రెండోసారి చదవలేకపోయాను. విశ్వవిద్యాలయంలో అతని కాలం అయిపోయింది. ఏ వృత్తి జట్టు తీసుకున్నా వాళ్ల అదృష్టం.

సిగ్నెటీకి నవంబరులోనే ఎనిమిదేళ్ల కొత్త ఒప్పందం ఇచ్చారు, 7.2 కోట్ల డాలర్లు. ఫిషర్, కమారా, పాండ్స్, సరాట్ మళ్లీ ఆడుతున్నారు. రోర్క్ స్థానంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి ఫెర్నాండో మెండోజా అనే పొడగరి వస్తున్నాడు. ఆగస్టు 30న ఓల్డ్ డొమినియన్‌తో ఇక్కడే మొదటి ఆట.

చివరిగా నీ అభిప్రాయం కావాలి. నోటర్‌డామ్ ఆటలో ఆఖరి క్వార్టర్, 3-20తో వెనకబడి ఉన్నాం. నాలుగో ప్రయత్నం, ఇంకా పదకొండు గజాలు కావాలి, బంతి దాదాపు మైదానం మధ్యలో ఉంది. సిగ్నెటీ తెగించకుండా బంతిని తన్నించి వాళ్లకు ఇచ్చేశాడు. నా దృష్టిలో సీజన్ మొత్తంలో ఆయన చేసిన ఒకే ఒక్క పెద్ద తప్పు అది. పోయేదేముంది, ప్రయత్నించాల్సింది. వరంగల్ కుర్రాడు మాత్రం, పదకొండు గజాలు ఆ రాత్రి మనవాళ్ల వల్ల అయ్యేది కాదు, కోచ్ చేసిందే సరి అంటాడు. ఇప్పటికీ మా ఇద్దరికీ తెగలేదు. మిషిగన్ ఆట, ఈ ఆట రెండూ వీడియోలు పంపుతున్నాను. వరుసగా చూసి, నువ్వైతే ఏం చేసేవాడివో రాయి.

అమ్మకు, నాన్నగారికి నా నమస్కారాలు. చెల్లికి శుభాకాంక్షలు.

నీ
వేణు